ఎడబాటు కాదు, ఎడం

అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ 1932లో వేసిన ‘రూమ్ ఇన్ న్యూయార్క్’ చిత్రంలోని దంపతుల మధ్య ఉన్నదాన్ని తెలుగులో ‘మానసిక ఎడబాటు’ అనవచ్చునా అని, ఆ చిత్రంపై వ్యాఖ్య రాస్తున్న మేడమ్ గారు నిన్న అడిగారు. అనకూడదని నా అభిప్రాయం.

ముందుగా బొమ్మను చూద్దాం. చిత్రకారుడు మనల్ని కిటికీ బయట నిలబెట్టాడు. లోపల భర్త ముందుకు వంగి పత్రికలో మునిగిపోయాడు. ఎర్ర గౌను తొడుక్కున్న భార్య పియానో వైపు తిరిగి, వాయించాలన్న ఉద్దేశమేమీ లేనట్టు, ఒంటి వేలితో ఒక మెట్టును తాకుతోంది. నడుమ గుండ్రటి బల్ల, వెనుక మూసిన తలుపు. ఇద్దరి ముఖాల్లోనూ కనుముక్కు తీరు స్పష్టంగా తెలియదు.

‘ఎడబాటు’కు మూలం ‘ఎడబాయు’. వేయు నుంచి వేటు వచ్చినట్టే పాయు నుంచి పాటు వచ్చింది, సమాసంలో అది ‘బాటు’ అయింది. ఏటి పాయలోనూ జడ పాయలోనూ ఉన్నది ఈ పాయడమే. అంటే ఒకరు విడిపోయి వెళ్లాలి. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. విరహానికైతే తపన కావాలి. అలకకు బుజ్జగించేవారు వస్తారన్న ఆశ కావాలి. సత్యభామ అలిగింది కృష్ణుడు వస్తాడనే కదా. ‘ఎడమొహం పెడమొహం’ కొంత దగ్గరగా వస్తుంది గానీ, పెడతల, పెడరెక్కలు అన్నప్పుడు వినిపించే ‘వెనుక’ అన్న అర్థం అందులో ఉంది కనుక, తగవాడుకుని మొహాలు తిప్పుకున్నవారికే అది నప్పుతుంది. ఈ గదిలో తగవు జరిగిన జాడ లేదు.

మిగిలింది ‘ఎడం’. మొక్కలు ఎడంగా నాటమంటాం, కాస్త ఎడంగా కూర్చోమంటాం. సందులేని వానను ఎడతెరిపి లేని వాన అంటాం. ‘దూరం’ కోసుల దాకా సాగుతుంది, ‘ఎడం’ మాత్రం పక్కపక్కన ఉన్నవాటి మధ్యనే ఉంటుంది. ఆ బల్ల కొలత అదే.

రాత్రివేళ నగర వీధుల్లో నడుస్తుండగా కంటబడిన దీపాల వెలుగు గదులే ఈ బొమ్మకు ప్రేరణ అని హాపర్ చెప్పుకున్నాడు. మన ఊళ్లో ఆ అవకాశం మెట్రో ఇస్తోంది. మొన్న రాత్రి అమీర్‌పేటలో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్తుంటే, మలక్‌పేట దాటాక ఒక మేడ కిటికీలో సోఫాకు ఈ కొసన ఆమె పళ్లెంలో ఏదో ఒలుస్తూ, ఆ కొసన ఆయన ఫోన్ చూస్తూ కనిపించారు. రైలు కదిలిపోయింది గనుక ఇంతకు మించి చెప్పలేను. ఆ ఇద్దరూ ఎంతో అన్యోన్యంగా ఉండేవారే కావచ్చు. అయినా నాకు అప్పుడు తోచిన మాట ‘ఎడం’ ఒక్కటే.

మేడమ్ గారు తమ వ్యాఖ్యను ‘బల్లకు ఈవల ఆమె, ఆవల అతడు, నడుమ ఎడం’ అని మొదలుపెట్టి చూడవలసిందిగా నా మనవి. ‘మానసిక’ అన్న విశేషణం బహుశా అక్కరలేకపోవచ్చు.