కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క పడట్లేదు. హెడ్ విప్పించాలా?

నల్గొండ సార్:
నమస్తే. నాది 2013 డీజిల్ కారు, 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. నెలన్నర నుంచి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది. సోమవారం మ్యాక్స్ గీత దాకా పోస్తే శుక్రవారానికి మిన్ కిందికి దిగుతుంది. స్కూలుకు రానూపోనూ 46 కిలోమీటర్లు, అంతే నా వాడకం. రాత్రి ఇంజన్ కింద అట్టముక్క పరిచి చూశా, తెల్లారేసరికి పొడిగానే ఉంది. సైలెన్సర్‌లో తెల్లపొగ లేదు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మామూలుగానే ఉంది. ఒక్కటే తేడా, ఇంటికొచ్చి బండి ఆపగానే బానెట్ దగ్గర పాకం మాడినట్టు తియ్యటి వాసన.

మెకానిక్ బానెట్ ఎత్తి నిమిషం చూసి "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, 35 వేలు అయితది" అన్నాడు. ఇంజన్ పైభాగం, అదే హెడ్, దాని కింద ఉండే సీలట అది. ఎట్లా తెలిసిందంటే "బయట పడట్లేదంటే లోపలికే పోతున్నయ్ గదా" అన్నాడు. లెక్కలు చెప్పేవాణ్ని, ఈ లెక్క నాకు కుదరలేదు. మధ్యలో రెండుసార్లు కూలెంట్ దొరక్క బోరు నీళ్లు పోశాను. తిట్టొద్దు.

బెజవాడ రేడియేటర్:
తిట్టకుండా ఎలాగండీ మాస్టారు! మీ బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూశారా ఎప్పుడైనా? అదే పొర రేడియేటర్ గొట్టాల్లో కడుతుంది. ఇన్వర్టర్‌కి పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి డిక్కీలో పడేసుకోండి.

ఆటోనగర్‌లో పదకొండేళ్లు ఇదే పని చేశాను. మీ వాసన బయటి లీకునే చెబుతోంది. మూత బిగించి ఇంజన్ వేడెక్కాక లోపల ఒక బార్ (ఒత్తిడి కొలత) దాకా ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లయినా 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు, అందుకే ఆ ఏర్పాటు. సన్న పగులు అప్పుడే తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. రాత్రి మీ అట్టముక్క మీద ఏం పడుతుంది మరి? కారింది కూడా వేడి ఇంజన్ మీద పడి ఆరిపోతుంది.

చల్లటి ఇంజన్ మీద ప్రెషర్ టెస్ట్ చేయించండి. సైకిల్ పంపు లాంటిదే, మూత ఉన్న చోట బిగించి కొడతారు. మూత మీద రాసిన అంకె దాటి కొట్టొద్దు. పంపు మీటర్ ముల్లు దిగుతుంటే టార్చ్ వేసి వెతకండి: పైపుల క్లిప్పులు, వాటర్ పంప్ కింద చిన్న బెజ్జం, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచేది) ఉండే డబ్బా. తడి కనపడకపోయినా తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు మరక ఉంటుంది, అదే దొంగ. వేడి మీద మాత్రం మూత ముట్టుకోకండి. నా మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది.

లారీ వాళ్లబ్బాయి:
అన్నా, మా నాన్న లీకు ఆగడానికి రేడియేటర్‌లో రెండు స్పూన్లు పసుపు వేసి గుంటూరు నుంచి నాగ్‌పూర్ పోయొచ్చాడు. 35 వేలు ఎందుకు?

బెజవాడ రేడియేటర్:
తమ్ముడూ, దారిలో ఆగిపోతే ఇల్లు చేరడానికి సరే. ఆ పసుపు ముద్దలు నేను హీటర్ కోర్ (కారులోకి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) లోంచి కడిగాను, మీ నాన్నగారు కడగలేదు. మాస్టారు, ముందు సీటు కింద కార్పెట్ కూడా నొక్కి చూడండి. జిగటగా తడి తగిలితే హీటర్ కోరే. ఉత్త నీళ్లయితే ఏసీవి.

నల్గొండ సార్:
కార్పెట్ పొడి. ఆదివారం రేడియేటర్ షాపాయన పంపు తెచ్చి బిగించాడు. మూత మీద 1.1 ఉంది, ఒకటి దగ్గర ఆపాం. పది నిమిషాల్లో 0.7కి దిగింది. మా అమ్మాయి అద్దం పట్టుకుంది, నేను టార్చ్. గేర్‌బాక్స్ వైపు, బ్యాటరీ వెనక థర్మోస్టాట్ డబ్బా ఉంది, నల్ల ప్లాస్టిక్. దాని అతుకు వెంట వెంట్రుకంత గీత, చుట్టూ తెల్లటి పొక్కు. చూస్తుండగానే ఆ గీత మీద ఆవగింజంత పచ్చ చుక్క పుట్టింది. కందిగింజంత అయ్యింది, జారి గేర్‌బాక్స్ మీద పడింది. అక్కడ పాత చారలు బోలెడు! నెలన్నర కూలెంట్ అంతా అక్కడే ఆరిందన్నమాట.

డబ్బా, రబ్బరు రింగు కలిపి 1,900. మార్చాం, కూలెంట్ నింపాం, బయల్దేరా. ఆరు కిలోమీటర్లకే టెంపరేచర్ ముల్లు సగం దాటింది. హీటర్ వేస్తే చల్లగాలి. గుండె జారింది, పక్కకు ఆపేశా. హెడ్డేనా?

బెజవాడ రేడియేటర్:
కాదు, గాలి పట్టింది. లోపల గాలి బుడగ నిలబడితే నీళ్లు తిరగవు, అందుకే చల్లగాలి. బండి పూర్తిగా చల్లారనివ్వండి. మూత తీసి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి స్టార్ట్ చేయండి. బుడగలు వస్తూ మట్టం దిగుతుంటే కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోస్తూ ఉండండి. బుడగలు ఆగి, వేడిగాలి వచ్చాక మూత బిగించండి. తర్వాత ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా చూడండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై పైపు రాయిలా గట్టిపడితే, బుడగలు ఎంతసేపటికీ ఆగకపోతే అప్పుడు హెడ్ సంగతి ఆలోచిద్దాం.

నల్గొండ సార్:
రెండు గ్లాసులు పైగా పట్టింది. మట్టం దగ్గర మా ఆవిడ గోళ్ల రంగుతో గీత పెట్టి తొమ్మిది రోజులైంది, కదల్లేదు. వాసనా లేదు. ఇంకొక్కటి, పాత కూలెంట్ బకెట్‌లో ఉంది, కాలవలో పారబోయొచ్చా?

బెజవాడ రేడియేటర్:
వద్దండీ. తియ్యగా ఉంటుందని కుక్కలు తాగుతాయి, కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. డబ్బాలో పోసి మూత పెట్టి, పేరు రాసి, పాత ఆయిల్ తీసుకునే వర్క్‌షాప్‌లో అడగండి.

నల్గొండ సార్:
ఇప్పుడే డబ్బాలోకి మార్చాను. వీధి కుక్క ఒకటి రెండు రోజులుగా ఆ బకెట్ చుట్టూ తిరుగుతోంది. బకెట్ మీద మూత ఉండబట్టి సరిపోయింది.