తప్పు ఒప్పుకున్న ప్లీడర్ పేరు విచారణ లేకుండానే రోల్ (బార్ కౌన్సిల్ ఉంచే లాయర్ల జాబితా) నుంచి తీసేయొచ్చా?

బ్రాడీపేట కుర్రాడు: మా బాబాయికి మోటారు ప్రమాదం కేసులో వచ్చిన నష్టపరిహారంలో చాలా భాగం ప్లీడర్ దగ్గరే ఉండిపోయింది. బార్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేశాం. ఇప్పుడాయన "సన్నద్ (లాయర్‌గా పనిచేసే అనుమతి) వదిలేస్తాను, రాజీకి రండి" అని గుమస్తాతో కబురు పంపాడు. అమెరికాలో లాయర్ సమ్మతితోనే పేరు కొట్టేసే పద్ధతి ఉందట కదా. ఇక్కడా ఉంటే త్వరగా తేలిపోదా?

గవర్నర్‌పేట ప్లీడర్: ఉండాలనే అంటాను. 1961 అడ్వకేట్ల చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ ఫిర్యాదును ఏడాదిలో తేల్చాలి, లేదంటే ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్తుంది. ఆపైన సుప్రీంకోర్టు దాకా అప్పీళ్లు. ఒప్పుకున్న మనిషి మీద కూడా వాయిదాలు వేసుకుంటూ పోతే, ఈలోగా ఆయన కొత్త వకాల్తాలు వేస్తూనే ఉంటాడు.

కృష్ణలంక వాసి: తొందరపడకు బాబూ. సెక్షన్ 26ఎ కింద ఏ లాయరైనా తన పేరు తీసేయమని అడగొచ్చు, తప్పు చేశానని రాయక్కర్లేదు. సెక్షన్ 35 కింద తీసేస్తే అది శిక్ష. మీ ప్లీడర్ అడిగేది మొదటిదే. అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్ కూడా న్యూయార్క్ బార్‌కు రాజీనామా చేయబోయాడు. ఆరోపణలకు తన దగ్గర జవాబు లేదని ఒప్పుకోనందుకు కోర్టు దాన్ని తీసుకోలేదు, 1976లో శిక్షగానే పేరు కొట్టేసింది. మన నిబంధనల్లోనూ, ఫిర్యాదుదారు రాజీపడ్డాడన్న ఒక్క కారణంతో ఫిర్యాదు మూసేయకూడదని ఉంది. రేపు అదే ప్లీడర్ దగ్గరికి వెళ్లే కక్షిదారుడి కోసం పెట్టిన నియమం అది. బాబాయి గారిని రాజీ కాగితం మీద సంతకం పెట్టనివ్వకు.

గవర్నర్‌పేట ప్లీడర్: ఒప్పుకోలు ఉండాల్సిందే, కాదనను. కానీ క్రిమినల్ కేసు భయం ఉంటే ఎవరు రాసిస్తారండీ? వాషింగ్టన్ డీసీలో తొలగింపు ఉత్తర్వు అందరికీ తెలుస్తుంది, లాయర్ ఇచ్చే ఒప్పుకోలు అఫిడవిట్ మాత్రం బయటపెట్టరు. అది మనకూ పనికొస్తుంది.

కృష్ణలంక వాసి: నాకు మింగుడుపడనిది అదేనండీ. సెక్షన్ 35లో మందలింపు, సస్పెన్షన్, పేరు తొలగింపు ఉన్నాయి గానీ సొమ్ము తిరిగి కట్టించడం లేదు. దానికి కక్షిదారులు సివిల్ కోర్టుకే వెళ్లాలి. అక్కడ ఆ ఒప్పుకోలుకు మించిన ఆధారం ఏముంటుంది? దాన్ని దాచిపెడితే ప్లీడర్ ఒడ్డునపడతాడు, వీళ్లు మళ్లీ మొదటికొస్తారు. సమ్మతి పద్ధతి రావాలి, కానీ ఒప్పుకోలు కాగితం కక్షిదారుడి చేతికి అందాలి. సరే బాబూ, వకాల్తా నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఫిర్యాదుకు జతచేశారా?

బ్రాడీపేట కుర్రాడు: చేశామండీ. ఏం చెప్పినా కమిటీ ముందే చెప్పమని గుమస్తాకు ఈరోజే చెప్తాను.