విడిగా అన్నీ నడుస్తున్నాయి, కలిపితే బోర్డు రీసెట్ అవుతోంది

ప్రశ్న: బోరు మోటారుకి మొబైల్ స్టార్టర్ (ఫోన్ నుంచి మోటారు వేసి ఆపేది) చేస్తున్నాను. మైక్రోకంట్రోలర్, ఎస్సెమ్మెస్ పంపే 2జీ మాడ్యూల్, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) బోర్డు విడివిడిగా బాగానే ఉన్నాయి. మూడూ కలిపాక ఎస్సెమ్మెస్ వెళ్లే క్షణంలో రీసెట్. కోడ్‌లో ఎక్కడ వెతకాలి?

జవాబు: కోడ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి తమ్ముడూ, ముందు సప్లై చూడండి. 2జీ మాడ్యూల్ ప్రతి 4.6 మిల్లీసెకన్లకోసారి, 0.58 మిల్లీసెకన్ల పాటు సిగ్నల్ పంపుతుంది. ఆ కాస్తలోనే 2 ఆంపియర్ల దాకా లాగేస్తుంది, దాంతో వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. మల్టీమీటర్ సగటే చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. వోల్టేజి క్షణక్షణం ఎలా మారుతోందో చూపించే ఆసిలోస్కోప్ ప్రోబ్ సరిగ్గా మాడ్యూల్ పిన్నుల దగ్గరే పెట్టండి. 1000 మైక్రోఫారడ్ లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్న) కెపాసిటర్ మాడ్యూల్‌ని ఆనుకునే ఉండాలి. సన్న జంపర్ వైర్లు తీసేయండి, సగం గొడవ అక్కడే.

ప్రశ్న అడిగినవారు: నిజమే అన్నా, 4 వోల్టులు 3.1కి పడిపోతోంది! కెపాసిటర్ పెట్టాక మెసేజ్ వెళ్తోంది. మోటారు ఆపినప్పుడు మాత్రం ఇంకా అప్పుడప్పుడు రీసెట్.

మరో జవాబు: అది వేరే జబ్బు, కాయిల్ ఆగేటప్పుడు కొట్టే వోల్టేజి పోటు. రిలే కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఉందా? స్టార్టర్‌లోని కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపి తెంచే పెద్ద స్విచ్చు) కాయిల్ ఏసీది కాబట్టి దానికి డయోడ్ కుదరదు, ఆర్‌సీ స్నబర్ (వరసగా కలిపిన రెసిస్టర్, కెపాసిటర్) వేయండి. యాంటెనా వైరు కాంటాక్టర్ పక్కనుంచి పోనివ్వకండి.