ఆడియోలో దెయ్యం కథ చెబితే ఎవరికీ భయం వెయ్యట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాం?

ఉద్దానం కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర చిన్న ఊరు, ఉద్యోగం వల్ల ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. నేను, మా బావ, మా అప్ప కూతురు కలిసి మా వైపు చెప్పుకునే దెయ్యం కథల్ని పాడ్‌కాస్ట్‌గా చేస్తున్నాం. నాలుగు ఎపిసోడ్లు పెట్టాం. ఎంత కష్టపడినా విన్నవాళ్ళకి భయం మాత్రం వెయ్యట్లేదు.

ఇది ఎందుకు మొదలుపెట్టానో చెబితే నా ప్రశ్న అర్థమవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా ఊళ్ళో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలమట్టమైపోయాయి, స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు. చీకటి పడితే పిల్లా పెద్దా అందరం మా నాయనమ్మ చుట్టూ చేరేవాళ్ళం. ఒక రాత్రి గెడ్డ (వాగు) దాటి వచ్చే ఆడమనిషి కథ చెప్పింది. లాంతరు పక్కన కూర్చుని జీడిపప్పు మీద పొర వలుస్తూ, వలిచిన పప్పుని స్టీలు పళ్ళెంలో వేస్తూ, పక్కింటి సంగతి చెబుతున్నట్టే చెప్పుకుంటూ పోయింది. గొంతు పెంచిందీ లేదు, తగ్గించిందీ లేదు. "తలుపు కొట్టి, దాహంగా ఉందమ్మా, మంచినీళ్ళు పొయ్యి అంది" అన్న చోట పళ్ళెంలో పప్పు పడే చప్పుడు ఆగిపోయింది. నాయనమ్మ తలెత్తి మా ఇంటి తలుపు వైపు చూసింది. అంతే. నాకు అప్పటికి ఇరవై ఏళ్ళు, ఆ రాత్రి పెరట్లోకి ఒక్కడినీ వెళ్ళలేకపోయాను.

అదే కథని మూడో ఎపిసోడ్‌గా చేశాం. ఉరుములు, నక్కల ఊళ, గజ్జెలు, వెనకాల వయొలిన్, చివర్లో ఆడమనిషి నవ్వు, అన్నీ పెట్టాం, మిక్సింగ్‌కే రెండు వారాలు పట్టింది. విన్నవాళ్ళు సౌండ్ బాగుంది అంటున్నారు తప్ప భయమేసింది అని ఒక్కరూ అనలేదు. సగంలో వదిలేస్తున్నవాళ్ళే ఎక్కువ. నాలుగోది చిల్లంగి (చేతబడి) పెట్టే ముసలమ్మ కథ, దాన్నీ అలాగే వదిలేశారు. సౌండ్లు తగ్గించాలా? ఒక్క గొంతుతో చెప్పాలా, నాటకంలా పాత్రలు పెట్టాలా? మా యాసలో చెబితే బయటివాళ్ళు వింటారా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, నిజంగా నేర్చుకోవాలని ఉంది.


పాత రేడియో చెవి (విజయనగరం):

బాబూ, నీ ప్రశ్నకి జవాబు నువ్వే రాసేశావు. పళ్ళెంలో పప్పు పడే చప్పుడు ఆగింది అన్నావు చూడు, అదే జవాబు. మీరందరూ అప్పటికే ఆ టంగు టంగుకి అలవాటుపడిపోయి వినడం మానేశారు. ఆగగానే వినపడింది. అలవాటైన చప్పుడు ఆగడమో, ఆగాల్సిన చప్పుడు ఆగకపోవడమో, రేడియోలో భయమంతా అక్కడే పుడుతుంది. ఉరుముకి ఉలిక్కిపడతారు, అది అర నిమిషంలో పోతుంది.

నేను చాలాకాలం రేడియో నాటకాల్లో చిన్నా చితకా వేషాలు వేశాను. ఒకసారి పల్లెటూరి పెంకుటింటి కథ చేశాం, పెరట్లో నూతి గిలక ఉంటుంది. మొదటి సీన్లో కోడలు నీళ్ళు తోడుతుంది, గిలక కిర్రు కిర్రుమంటుంది, అత్తగారు "ఆ గిలకకి కాస్త నూనె పెట్టమని ఎన్నిసార్లు చెప్పాను" అంటుంది. రెండో సీన్లో మళ్ళీ గిలక, మాటల వెనకాల, ఎవరూ దాని ఊసెత్తరు. మూడో సీన్ నడిరాత్రి, ఇంట్లో ఉన్న నలుగురూ ఒకే గదిలో మాట్లాడుకుంటున్నారు, నలుగురి గొంతులూ వినిపించాం, అప్పుడు గిలక కిర్రుమంది. ఒక్కసారే. ఎవరూ కెవ్వుమనలేదు, పెద్దాయన "అమ్మాయ్, నువ్విక్కడే ఉన్నావు కదా" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు స్టూడియోలో మాకే ఒళ్ళు జలదరించింది. వినేవాడికి ముందు ఇల్లు తెలియాలి, నుయ్యి ఎటుందో తలుపు ఎటుందో చెవితో తెలియాలి, ఆ తరవాతే అందులో తేడా వస్తే కనిపెడతాడు. నీ మూడో ఎపిసోడ్ ఇప్పుడే విన్నాను. మొదటి నిమిషంలోనే నక్కలు కూశాయి, ఆ ఇంట్లో నేనింకా అడుగే పెట్టలేదు.

ఇంకో సంగతి. అమెరికాలో 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ బృందం సీబీఎస్ రేడియోలో అంగారక గ్రహవాసుల దండయాత్ర నాటకం వేసింది, హెచ్.జి. వెల్స్ నవల ఆధారంగా. దేశమంతా రోడ్ల మీదకి పరుగెత్తింది అని చెబుతారు గానీ అది పత్రికలు బాగా పెంచి రాసిన మాట. నేర్చుకోవాల్సింది అందులోని పనితనం. నాటకాన్ని మామూలు సంగీత కార్యక్రమంలా మొదలుపెట్టి మధ్యలో వార్తలు చొప్పించారు. విలేకరి వేషం వేసిన నటుడు, అంతకు ముందేడు హిండెన్‌బర్గ్ గాలి ఓడ తగలబడినప్పుడు అక్కడున్న రేడియో మనిషి ఏడుస్తూ చెప్పిన రికార్డింగ్‌ని పదే పదే విని ఆ గొంతు పట్టుకున్నాడు. చూసింది చెబుతూ చెబుతూ వాక్యం మధ్యలో ఆగిపోతాడు. తరవాత కొన్ని క్షణాలు రేడియోలో ఏమీ లేదు. భయం ఆ ఖాళీలో ఉంది.

అయితే నువ్వు అలా పూర్తి సున్నా పెట్టకు. వాళ్ళది ప్రత్యక్ష ప్రసారం వేషం వేసుకున్న నాటకం కాబట్టి లైను తెగింది అనిపించింది. నీ కథ ఒక ఇంట్లో జరుగుతోంది, ఫోన్లో శబ్దం మొత్తం పోతే యాప్ ఆగిపోయిందనుకుని జేబులోంచి ఫోన్ తీసి చూసుకుంటారు, కథ అక్కడితో సరి. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది. రికార్డింగ్ చేసిన గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఊరికే రికార్డు చేసి పెట్టుకో, ఆగాల్సిన చోట దాన్ని వెయ్యి.

మీ నాయనమ్మగారు ఉన్నారా బాబూ?


తెర వెనక (విజయనగరం):

మాస్టారు చెప్పినదాంతో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను, స్టేజీ వైపు నుంచి రెండు మాటలు కలుపుతాను.

మేం ఒక ఊళ్ళో దెయ్యం నాటిక వేశాం. ఆకుపచ్చ లైటు, పొగ, జుట్టు విరబోసుకున్న అమ్మాయి, అన్నీ పెట్టాం. ఆ అమ్మాయి రాగానే ముందు వరసలో పిల్లలు గొల్లున నవ్వారు. రిహార్సల్స్‌కి నెలన్నర పెట్టాం, చాలా బాధేసింది. తరవాత అదే నాటికలో దెయ్యాన్ని పూర్తిగా తీసేసి చీర ఉయ్యాల ఒకటి పెట్టాం. మొదటి నుంచీ తల్లి దాన్ని ఊపుతూ మాట్లాడుతూ ఉంటుంది, లేచి వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా ఉయ్యాల మెల్లమెల్లగా నెమ్మదించి ఆగుతుంది, రెండుసార్లు అలాగే ఆగింది. మూడోసారి ఆమె లోపలికి వెళ్ళాక చేపల వల దారంతో పక్కనుంచి లాగుతూ అదే ఊపు అలాగే ఉంచాం. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ముందు వరసలో ఒక ముసలమ్మ "ఓలమ్మో, ఉయ్యాల ఆగట్లేదే" అని పైకే అనేసింది. ఆ తరవాత హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేది.

లండన్‌లో 1989 నుంచి 2023 దాకా నడిచిన 'ద వుమన్ ఇన్ బ్లాక్' నాటకం చూడండి, దాదాపు అంతా ఇద్దరు నటులే నడిపిస్తారు. ఒక పెద్ద బుట్టే బండి, అదే మంచం. అందులో ఒక కుక్క ఉంది, నిజం కుక్క కాదు, నటుడు గాల్లో నిమురుతాడు, ఈల వేసి పిలుస్తాడు. ఆ లేని కుక్క ఆపదలో పడితే జనం గుండెలు అరచేతిలో పెట్టుకుంటారు. కాబట్టి మీ కథలో కూడా ముందు ఎవరినో ఒకరిని ప్రేమించనివ్వండి. మీ మూడో ఎపిసోడ్‌లో నీళ్ళు పోసే ఇల్లాలి పేరేంటో కూడా మాకు తెలీదు.

హాస్యం కూడా కావాలి. పారిస్‌లో గ్రాండ్ గిన్యోల్ అని ఒక చిన్న థియేటర్, 1897 నుంచి 1962 దాకా నడిచింది, రక్తపాతం, హత్యలు, పిచ్చి, అవే దాని పేరు. అక్కడ కూడా ఒక భయానక నాటిక, ఒక నవ్వుల నాటిక, మళ్ళీ భయానకం, అలా మార్చి మార్చి వేసేవాళ్ళు. మన బుర్రకథలో హాస్యం చెప్పే వంత ఎందుకున్నాడంటారు? వాడు నవ్వించాకే కథకుడు గొంతు దించితే గుండెల్లో దిగుతుంది. ఇరవై నిమిషాలూ భయపెడుతూ ఉంటే రెండో నిమిషానికే అలవాటైపోతుంది.

ఆ వయొలిన్ మాత్రం దయచేసి తీసెయ్యండి, ఎక్కడో సౌండ్ లైబ్రరీలోదని తెలిసిపోతోంది. మీ వైపు జముకుల కథ చెప్పేవాళ్ళు ఉంటారు కదా. జముకు చంకలో ఇరికించి తోలు మధ్య నుంచి వచ్చే తీగని బిగిస్తూ వదులుతూ మీటుతుంటే మనిషి మూలుగుతున్నట్టు ఉంటుంది. ఒక కళాకారుడిని అడిగి, తగిన పారితోషికం ఇచ్చి పది నిమిషాలు రికార్డు చేసుకోండి. ఎపిసోడ్ మొత్తంలో రెండే చోట్ల వాడండి.


రాత్రి డ్యూటీ:

నేను నర్సుని, మాది పాలకొండ వైపు. నైట్ డ్యూటీ దిగి బస్సులో వెళ్ళేటప్పుడు ఇలాంటివే వింటాను, కాబట్టి వినేదాని మాటగా చెబుతున్నాను. నేను ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను, రెండో చెవి బస్సుకి, పిలుపులకి ఉండాలి. మీ రెండో ఎపిసోడ్‌లో అసలు మాట ఎడమ చెవి వైపే గుసగుసగా వేశారు, నాకు వినపడనే లేదు, కామెంట్లు చూస్తే తెలిసింది. ముఖ్యమైన మాట రెండు వైపులా ఉంచండి. ఆ గుర్రుమనే లోతు శబ్దం కూడా ఫోన్ స్పీకర్లో దాదాపు వినిపించదు. ఎడిటింగ్ అయ్యాక మామూలు ఫోన్లో ఒకసారి విని చూసుకోండి తమ్ముడూ.

యాస గురించి అడిగారు కదా. కథ చెప్పే గొంతు అందరికీ అర్థమయ్యే మాటలో ఉంచి, పాత్రలు మాత్రం మన మాటే మాట్లాడాలి. "ఎవరు మీరు?" అంటే నాకేమీ అనిపించలేదు. "ఎవులు మీరు?" అని మా అమ్మ గొంతులా వినిపిస్తే అది మా ఇల్లే అయిపోతుంది. కలకత్తా రేడియో వాళ్ళ 'సండే సస్పెన్స్' 2009 నుంచి బెంగాలీలోనే వస్తోంది, భాష రాకపోయినా నేను కాసేపు విన్నాను, గొంతులే కూర్చోబెట్టేశాయి.

ఇప్పుడు అసలు విషయం. నాలుగో ఎపిసోడ్ నన్ను బాగా బాధపెట్టింది. చిల్లంగి అనేది మన దగ్గర కథ కాదు. నా చిన్నప్పుడు మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ ఉండేది, ఒక ఇంట్లో పిల్లాడు జ్వరంతో పోతే ఆవిడ చూపే అన్నారు. దడి పీకేశారు, పొయ్యి తన్నేశారు, ఒక పొద్దున్న చూస్తే ఆవిడ ఊళ్ళో లేదు. ఎక్కడికి వెళ్ళిందో ఈనాటికీ తెలీదు. ఇలాంటి అనుమానాలతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు మన ఉత్తరాంధ్రలో చదువుతూనే ఉన్నాం. మీ కథలో ఒంటరి ముసలమ్మే మంత్రగత్తె, చివరికి ఊరంతా కలిసి తరిమేస్తే పీడ విరగడైంది అని ముగించారు. గెడ్డ దాటి వచ్చే దెయ్యంతో ఎన్ని కథలైనా చెప్పండి, అది ఎవరి ఇంటి మీదకీ రాదు. బతికున్న మనిషిని దెయ్యం చెయ్యకండి.


ఉద్దానం కుర్రోడు:

ముందు అక్కకి జవాబు. నాలుగో ఎపిసోడ్ ఇప్పుడే తీసేశాను. ఆ కథ చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాను, ముసలమ్మ వైపు నుంచి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తప్పు నాదే. ఆ రాత్రి ఊరి జనం లాంతర్లు పట్టుకుని తన ఇంటి వైపు వస్తుంటే లోపల కూర్చుని ఆవిడకి ఏమేం వినిపించి ఉంటాయో, అలా మళ్ళీ రాద్దామని మా అప్ప కూతురు అంటోంది. రాశాక ముందు మీకే పంపిస్తాం.

తెర వెనక గారూ, ఇల్లాలికి పేరు పెట్టాం, అప్పలనరసమ్మ. ఆవిడకి ఒక మేకపిల్ల కూడా ఉంది ఇప్పుడు. జముకు కళాకారుడి కోసం టెక్కలి వైపు తెలిసినవాళ్ళని అడుగుతున్నాను.

పాత రేడియో మాస్టారూ, నాయనమ్మ ఉంది, ఓపిక తగ్గింది గానీ మాట గట్టిగానే ఉంది. మీరు అడిగాక ఆదివారం ఊరు వెళ్ళాను. ముందుగా మీరు చెప్పినట్టు ఎవరూ లేకుండా గది నిశ్శబ్దం ఒక నిమిషం రికార్డు చేసుకుని, తరవాత మైకు పెట్టి చెప్పమన్నాను. రెండు ముక్కలు చెప్పి ఆపేసింది, మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆపేసింది. కథ మర్చిపోయిందేమో అనుకున్నాను. కాసేపటికి "చేతిలో పని లేకపోతే రాదురా, ఆ పళ్ళెం ఇలా తే" అంది.