సమస్యాపూరణం: మంచి గుణమె ముప్పు మనిషి కెపుడు

కోనేటిగట్టు (విజయనగరం):
మిత్రులారా, ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి:

మంచి గుణమె ముప్పు మనిషి కెపుడు

అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి, మం–మ. కర్ణుడి దానం, బలి చక్రవర్తి మాట, ధర్మరాజు సత్యం పట్టుకు రాకండి, అవి మీరు నిద్రలో కూడా పూరించేస్తారు. సందర్భం నేనే ఇస్తున్నాను: 2014లో వచ్చిన 'డైవర్జెంట్' అనే ఇంగ్లీషు చిత్రం. మా మనవరాలు మొన్ననే పదో తరగతి అయింది, దాని పక్కన కూర్చుని చూశాను.

చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. పెద్ద యుద్ధం తర్వాత మిగిలిన షికాగో, చుట్టూ కంచె. కులం లేదు, మతం లేదు. గుణాన్నిబట్టి అయిదు వర్గాలు: త్యాగులు, జ్ఞానులు, ధీరులు, సత్యవాదులు, శాంతులు. పదహారేళ్ళు నిండగానే ఒక పరీక్ష. మర్నాడు సభలో చెయ్యి కోసుకుని, అయిదు గిన్నెల్లో ఒకదాంట్లో రక్తపు బొట్టు వెయ్యాలి. రాళ్ళు త్యాగులవి, నీళ్ళు జ్ఞానులవి, మట్టి శాంతులది, గాజు సత్యవాదులది, నిప్పులు ధీరులవి. ఏ గిన్నెలో వేస్తే ఆ వర్గం, అది వేరేదైతే ఇక అమ్మానాన్నల్ని వదిలెయ్యడమే. ఏ వర్గంలోనూ ఇమడనివాళ్ళు రోడ్డున పడతారు. కథానాయిక పరీక్షలో మూడు గుణాలు తేలతాయి. అదే ఆమె ప్రాణం మీదకి వస్తుంది.

ఇంత అందంగా మొదలైన ఏర్పాటు ఎందుకు కుళ్ళింది? పద్యంలో చెప్పండి.

రాజాం రోడ్డు:
ఐదు ముక్కలైన యా పట్టణమ్మున
తెలివి యొకరి సొత్తు, తెగువ యొకరి
పాలు, దయకు వేరె ప్రాకార మేర్పడె
మంచి గుణమె ముప్పు మనిషి కెపుడు

కోనేటిగట్టు:
ధార బాగుంది. ఐ–యా యతి చెల్లుతుంది. కానీ బాబూ, మూడు పాదాలు ఊరి వర్ణన, నాలుగోది విడిగా అతికినట్టు ఉంది. మంచి గుణం ముప్పెలా అయిందో కారణం మూడో పాదంలోనే పడాలి. ఇలా అంటే?

పాలు, పంచి కంచె పాతిన చోటున
మంచి గుణమె ముప్పు మనిషి కెపుడు

దయ పోయింది, నిజమే. కానీ పంచడం వల్లే ముప్పు అని తేలింది. చిత్రంలో జరిగింది కూడా అదే కదా. జ్ఞానుల నాయకురాలు మందు తయారుచేస్తుంది. ధీరులు ఆ మందు మత్తులో తుపాకులు పట్టుకుని త్యాగుల మీదకి నడుస్తారు. తెలివి దగ్గర జాలి లేదు, తెగువ దగ్గర ఆలోచన లేదు. రెండూ ఒక్క మనిషిలో ఉండుంటే ఆ ఊచకోత జరిగేదా?

పొందూరు పోగు:
మేస్టారూ, నానూ ఒకటి రాసీసేను. చూడండి.

త్యాగబుద్ధి పుట్టె ధైర్యము తోడుగా
తెలివి కూడ గలదు చిన్నదాన్కి
చంపఁ జూచిరయ్య జాలి లేకుండగ
మంచి గుణమె ముప్పు మనిషి కెపుడు

కోనేటిగట్టు:
భావానికి వంద మార్కులు. ఒక గుణం ఉంటే బిళ్ళ, మూడుంటే ఉరి, అదీ ఆ ఊరి న్యాయం. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది: 'తె'కీ 'చి'కీ మైత్రి లేదు. 'చిన్నదాన్కి' కూడా పద్యంలో ఇమడలేదు.

పొందూరు పోగు:
'దాన్కి' అని మా ఊళ్ళో అలాగే అంటాం మేస్టారూ. గురజాడ వారి ఊళ్ళో ఉండి మీరే వాడుకభాషని కాదంటే ఎలాగండి?

కోనేటిగట్టు:
వాడుకభాష పెట్టు, నేనెందుకు కాదంటాను? కానీ గురజాడ పేరు చెప్పి యతిని ఎగ్గొట్టకు నాయనా.

నాగావళి (శ్రీకాకుళం):
తమ్ముడూ, మీ ఊళ్ళో వాలుగ చేప దవడతో పత్తి దువ్వినట్టు నీ పాదాన్ని కాస్త దువ్వాను:

తెలివి కూడ నబ్బెఁ దీరుగాను

తె–దీ చెల్లుతుంది కదా మాస్టారూ? ఇక నాది:

పదియునారు నిండు బాలను నిలబెట్టి
కత్తి చేతి కిచ్చి కలశ మెదుట
నొక్క బొట్టుతోనె యుసురంత తేల్చిన
మంచి గుణమె ముప్పు మనిషి కెపుడు

కోనేటిగట్టు:
చెల్లుతుందమ్మా, రెండూ చెల్లుతాయి. చిత్రంలో గిన్నెలైతే మీరు యతి కోసం కలశం చేశారు, అయినా ఆ తంతుకి కలశమే నప్పింది. అక్కడ అందరూ నిలబడి చూస్తుంటారు, పిల్ల చెయ్యి వణుకుతుంది, బొట్టు నిప్పుల మీద పడి చుయ్యిమంటుంది. ఆ చప్పుడు కూడా పద్యంలో ఉంటే ఇంకేమీ అడగను.

నాగావళి:
హైస్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని కదా మాస్టారూ, నాకు ఆ సభ కొత్తగా అనిపించలేదు. పది ఫలితాలు రాగానే మా పిల్లలు ఎంపీసీయా బైపీసీయా అని నిలబడతారు. తేడా ఒక్కటే: అక్కడ ఎంపిక పిల్లదే, ఇక్కడ చాలా ఇళ్ళల్లో అప్పటికే మేనమామ ఫీజు కట్టేసి ఉంటాడు.

బొబ్బిలి వీణ:
అక్కా, నీ మాటే నా పద్యం.

పదిని దాటఁగానె పట్టాలపై నెట్టి
లెక్క వచ్చువాడె లెస్స యనిరి
పాట వచ్చు నోరు పాఠాలలో మూగ
మంచి గుణమె ముప్పు మనిషి కెపుడు

కోనేటిగట్టు:
'లెక్క లెస్స' చూసి నవ్వాను. మూడో పాదం చివర క్రియ లేదు. 'మూగ' దగ్గరే ఆగింది. వ్యాకరణం ప్రకారం నిలదీయొచ్చు, నేను నిలదీయను. పాట వచ్చిన నోటికి ఆ పాటే ఎలా శాపమైందో ఆ ఆగడంలోనే వినిపిస్తోంది.

ఇక్కడ ఒకమాట చెప్పాలి. 1919లో మా ఊళ్ళో సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. విద్యార్థిగా చేరదామని ద్వారం వెంకటస్వామినాయుడుగారు వస్తే, ఆయన వయొలిన్ విని ఆచార్యుడిగానే తీసుకున్నారు. దరఖాస్తులో ఏముందో చూడలేదు, చేతిలో ఏముందో చూశారు. ఆ చిత్రంలో పరీక్ష పెట్టే యంత్రానికి ఈ చెవి లేదు.

గంటస్తంభం:
మేస్టారూ, నాకో అనుమానం. 'లవణరాజు కల' కవితలో గురజాడ మనుషుల్లో మంచీ చెడూ రెండే కులాలన్నాడు కదా. ఈ షికాగోవాళ్ళు చేసిందీ అదే కదండీ? పుట్టుక తీసేసి గుణం పెట్టినారు. మరి ఆయన మెచ్చుకోడా?

కోనేటిగట్టు:
మంచి ప్రశ్న, రెండ్రోజులు నన్ను తిప్పింది. గురజాడ పుట్టుకతో వచ్చిన గోడని పడగొట్టడానికి ఆ మాటన్నాడు. మంచితనాన్ని మాల అంటే నేనూ మాలనవుతానన్నాడు, అంటే తనే గోడ దాటి అటు నిలబడ్డాడు. ఆ చిత్రంలో గోడ పడగొట్టలేదు, దాని మీద పేరు మార్చారు. త్యాగులకి బూడిదరంగు బట్టలు, జ్ఞానులకి నీలం. గుణానికి యూనిఫారం కుట్టిన రోజునే ఆ గుణం చచ్చింది. త్యాగం చెయ్యాలని చేసేవాడెవడు, బట్ట రంగుకి భయపడి చేసేవాడెవడు, ఎలా తెలుస్తుంది?

గంటస్తంభం:
సరే, ఒప్పుకున్నాను సగం. మిగతా సగం పద్యంలో:

ఎదుటివాని మనసు నెరుగక పేరిడి
గూళ్ళలోనఁ బెట్టి గుణము లెంచి
వీధి కీడ్చి తరిమి వెలివేయు టది యేమి
మంచి గుణమె? ముప్పు మనిషి కెపుడు

నాగావళి:
అబ్బ!

కోనేటిగట్టు:
ఇదీ పూరణ అంటే! సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా ఒక ప్రశ్నార్థకం పెట్టి అర్థం తిరగేశాడు. 'గుణమె'లో ఏకారం అవధారణ, అంటే నొక్కి చెప్పడం, అనుకుని మనమంతా రాస్తుంటే, ఇతను దాన్ని ప్రశ్న చేశాడు. వీధిన పడ్డవాళ్ళ గురించి రాసింది కూడా ఇతనొక్కడే. చిత్రమే వాళ్ళని రెండు మూడుసార్లు చూపించి వదిలేసింది, అది నాకు నచ్చలేదు. ఈ వారం మొదటి స్థానం గంటస్తంభానిదే. రెండోది బొబ్బిలి వీణకి. పొందూరు పోగూ, దిద్దిన పాదంతో నీ పద్యం మళ్ళీ మొత్తం రాసి పంపు, సంకలనంలో వేద్దాం.

పొందూరు పోగు:
'చిన్నదాన్కి' పోయిందని బాధగానే ఉన్నాదండి. పంపుతాను.

కోనేటిగట్టు:
వచ్చేవారం తేటగీతి, చివరి పాదం:

పిరికివాడె గెలిచినాడు పెద్ద పోరు

ఇదీ ఆ చిత్రం నుంచే. ధీరుల శిక్షణలో ఎవరి భయాలు వాళ్ళ ముందుకి తెచ్చి నిలబెడతారు. నాలుగే భయాలున్న ఒకడికి 'నాలుగు' అనే పేరు పడింది. ఉత్తరకుమారుడు మాత్రం వద్దు, ముందే చెప్తున్నాను.