ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చునా?

నల్లరేగడి (కర్నూలు): కారు లక్ష కిలోమీటర్లు దాటింది. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే భాగం) రకం ఆటోమేటిక్. రెండో గేరు పడేటప్పుడు కుదుపు వస్తోంది. సర్వీస్ సెంటర్లో అడిగితే లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోవద్దన్నారు. బయట షెడ్డులో మిషన్ పెట్టి ఫ్లష్ చేస్తామంటున్నారు, అంటే పాత ఆయిల్‌ను కొత్తదాంతో నెట్టేస్తారట. జాకీ, స్టాండ్లు నా దగ్గరే ఉన్నాయి. నేనే చేసుకుందామా?

పానాపట్టు (కడప): వద్దన్నా. ఇది ఇంజిన్ ఆయిల్ మాదిరి కాదు. డ్రైన్ బోల్టు విప్పితే మూడో వంతో సగమో కారుతాది, మిగతాదంతా టార్క్ కన్వర్టర్లోనే ఉండిపోతాది. శానా కార్లకు ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, డిప్‌స్టిక్కే లేదు. ఇంజిన్ ఆడతా ఉండంగా, ఆయిల్ 40 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు లెవెల్ బోల్టు తీసి చూడాల. మే నెల కడపలో నీడలోనే 40 ఉంటాది, యాడ చూస్తావు?

పెన్నాగాలి (అనంతపురం): తెల్లారుజామున చూస్తాం! మా ఇంటి ముందరే చేసినా నేను. ముందు కొత్త ఆయిల్ పోసే ఫిల్ బోల్టు కదుల్తాదో లేదో చూసుకోవాల, ఆ తర్వాతే డ్రైన్. కారింది కొలిచి అంతే కొత్తది పోయాల. కొన్నాళ్లు తిప్పి మళ్లా మార్చాల. మూడు మార్లు చేస్తే పాతది పోయినట్టే.

పానాపట్టు: యాడ పోయింది? మార్చినప్పుడల్లా సగమే కారితే, మూడు మార్లకి ఎనిమిదో వంతు పాతదే.

పెన్నాగాలి: ఎనిమిదో వంతుకు ఇంత రచ్చనా సామీ? అసలే మార్చకుంటే మొత్తం పాతదే కదా.

పానాపట్టు: మూడో వంతే కారితే మూడు మార్ల తర్వాత కూడా 30 శాతం దాకా పాతదే. లెక్క చేసుకో.

ఎర్రమట్టి: సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) అయితే మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోయొద్దండోయ్, దాని ఆయిల్ వేరే.

పెన్నాగాలి: లైఫ్‌టైమ్ అనేదే మోసం. చానా మాన్యువళ్లలో ఎండకు, ఘాట్లకు, బరువు లాగడానికి గడువు తక్కువ అని వేరే పట్టిక ఉంటాది. గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగే బండికి లైఫ్‌టైమ్ ఏంది?

పానాపట్టు: మార్చొద్దని నేనన్లేదే! ఇంట్లో వద్దన్నా.

పెన్నాగాలి: షెడ్డులో అయితే మారుస్తారా? ఆయిల్ మార్చినామని నాకు బిల్లు చేతిలో పెట్టినారు. ఇంటికొచ్చి కిందికి దూరి చూస్తే డ్రైన్ బోల్టు మీద కంపెనీ వేసిన రంగు గీత చెక్కు చెదరలేదు. విప్పనే లేదు. నేనే విప్పి, కారింది చూస్తే నల్లగా, మాడు వాసన. ఆ పొద్దు నుంచి పానా నేనే పట్టినా.

పానాపట్టు: ఎవడో చేసిన దానికి నన్నంటావేంది? ఇంట్లో తక్కువ పోసుకొని, క్లచ్ ప్లేట్లు కాల్చుకొని, టోయింగ్‌లో నా షెడ్డుకే తెస్తారు. నేనేం ముట్టుకోలేదన్నా అంటారు. నేను తెరిచినాక అది ఆగిపోతే పేరు ఎవరికి? నాకే.

ఎర్రమట్టి: ఇప్పుడొచ్చింది అసలు సంగతి. ఇద్దరిలో ఎవరికీ ఎదుటోడి మీద నమ్మకం లేదు.

నల్లరేగడి: నా కుదుపు సంగతి చెప్తారా లేదా?

పానాపట్టు: అది ఆయిల్ వల్లే అని ఎవరు చెప్పినారు నీకు? ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంటు పోయినా కుదుపు వస్తాది. ముందు స్కానర్ పెట్టించి కారు కంప్యూటర్లో పడిన లోపాల కోడ్లు చూపించు. గేరు జారతా ఉంటే కొత్త ఆయిల్ పోసినా ప్లేట్లు కొత్తవి కావు. పాత బండికి మిషన్ ఫ్లష్ మాత్రం నేను చేయను.

పెన్నాగాలి: ఈ మాట ముందే చెప్పుంటే అయిపోవు కదా. సీలు క్యాన్ నేను తెస్తా, పక్కన నిలబడి చూస్తా. ఒప్పుకుంటావా?

పానాపట్టు: నిలబడు, కుర్చీ వేస్తా. వీడియో మాత్రం తీయొద్దు.

పెన్నాగాలి: యాల తీయకూడదు?

ఎర్రమట్టి: ఐపాయె. నల్లరేగడన్నా, నువ్వు స్కానర్ పని చూసుకో. ఇంట్లోనే మార్చుకుంటే పాత ఆయిల్ కాలవలో పోయొద్దు, క్యాన్‌లో పట్టి వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇయ్యి.

పానాపట్టు: తీస్తే నా లేబర్ రేటు ఊరంతా చూస్తాది. ఆనక గుమ్మంలోకొచ్చిన ప్రతోడూ బేరమే.