సునామీనాడు విదేశీ సాయం వద్దనడం: జాతీయ ప్రయోజనమా, దేశం ఎంచుకున్న పాత్రా?

ప్రశ్న (కావలి, ఎం.ఏ. విద్యార్థిని):
2004 డిసెంబరు 26న సునామీ మన నెల్లూరు, ప్రకాశం తీరాలను కూడా తాకింది. అయినా కేంద్రం సహాయక చర్యలకు ఇతర ప్రభుత్వాలు ఇవ్వజూపిన సాయాన్ని వద్దని, శ్రీలంక, మాల్దీవులు, ఇండోనేషియాలకు తానే నౌకలు పంపింది. 2001 గుజరాత్ భూకంపమప్పుడు విదేశీ సాయం పుచ్చుకున్నది కూడా ఈ దేశమే. ఈ మార్పును జాతీయ ప్రయోజనం అన్న మాటతో వివరించవచ్చునా?

జవాబు (ఒంగోలు, విశ్రాంత అధ్యాపకుడు):
అమ్మా, ఆ మాట ఒక్కటే చాలదు. 1970లో రాజనీతి శాస్త్రవేత్త కె.జె. హోల్‌స్టి 71 దేశాల నాయకుల ప్రసంగాలు పరిశీలించి, ప్రతి దేశానికీ తానెవరు, లోకంలో తన పని ఏమిటి అన్న ఊహ ఉంటుందనీ, ఒకే దేశం ఏకకాలంలో పలు పాత్రలు వహిస్తుందనీ చూపించారు. కొరియా యుద్ధఖైదీల అప్పగింతకు ఏర్పడిన తటస్థ దేశాల కమిషన్‌కు 1953లో మన సైన్యానికి చెందిన జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించినప్పుడు మనది మధ్యవర్తి పాత్ర. 2004 నాటికి ఆపదలో ఆదుకునే పెద్ద దేశంగా కనబడాలన్న కోరిక బలపడింది. చేయి చాచి పుచ్చుకుంటూ ఆ పాత్ర పోషించడం కష్టమని ఢిల్లీ భావించిందని నా అభిప్రాయం.

జవాబు (కొత్తపట్నం):
ఆ అలలకు మా ఇంట వలలు పోయాయి. పక్క దేశాన్ని ఆదుకోవడం మాకు గర్వకారణమే. కానీ పునర్నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల నుంచి రుణాలు తీసుకున్న సంగతిని కూడా చర్చలో ఉంచాలి. వద్దన్నది ప్రభుత్వాలు ఉదారంగా ఇచ్చే సాయాన్నే. తిరిగి చెల్లించే అప్పులో చిన్నతనం లేదనుకున్నారు కాబోలు.

జవాబు (నెల్లూరు):
ఈ తేడాలోనే అసలు విషయం ఉంది. 1960లలో అమెరికా ఆహార సాయ చట్టం పి.ఎల్. 480 కింద వచ్చే గోధుమల కోసం ఎదురుచూసిన రోజుల్లో, వియత్నాం యుద్ధంపై మన విమర్శలు నచ్చని అధ్యక్షుడు జాన్సన్ ఓడలను కొద్దికొద్దిగా వదిలారు. ఆ చేదు అనుభవమే స్వావలంబనను మన అస్తిత్వంలో భాగం చేసింది. ఏది ప్రయోజనమో ఏది కాదో నిర్ణయించేది ఆ అస్తిత్వమే. అయితే పాత్రను మనం ఎంచుకుంటే సరిపోదు, ఎదుటివారు ఒప్పుకోవాలి. 2004లో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలు సహాయ సమన్వయ బృందంలో మనల్ని కలుపుకున్నాయి. 2015 నేపాల్ భూకంపమప్పుడు మన బలగాలు వెంటనే వెళ్లినా, అదే ఏడాది సరిహద్దులో సరుకు రవాణా స్తంభించేసరికి అక్కడి జనం మనల్ని పెత్తందారుగా చూశారు. మీ వ్యాసంలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించండి.